మత్తడి దుంకితే మేకపోతు

నీళ్లు లేని చెరువులో కట్టిన కాలనీకి నీళ్లు పట్టించడం ఎల్లేశం ఉద్యోగం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, అతని పెళ్లాం సక్కుబాయి సంసారం ఈదింది దానిమీదే.

ఎల్లేశం వాళ్లది తాతల నాటి నుంచీ నీరటి ఇల్లు. అంటే జిల్లేళ్లకుంట తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం వాళ్ల పని. ఖాజాగూడ గుట్టలకు ఇవతల ఆ కుంట కింద వరి పండినన్నాళ్లూ నీరటి అంటే ఊళ్లో ఒక మర్యాద ఉండేది. తర్వాత హైటెక్ సిటీ వస్తోందని పుకారు పుట్టింది, పుకారు వెనకే సిమెంటు లారీలు వచ్చాయి. పొలాలు ప్లాట్లయిపోయాయి. పొలాలు అయిపోయాక ఎవరి కన్ను పడిందో, కుంట లోపలి నేల కూడా ప్లాట్లయింది.

ఆ నేలను ఊరివాళ్లు శిఖం అంటారు. కుంట నిండితే నీళ్లు నిలిచే జాగా. నీళ్లు తగ్గితే గొడ్లు మేసే జాగా. ప్లాట్లు కొన్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మండుటెండల్లో వచ్చి చూశారు మరి! రాయీ రప్పా లేకుండా అరచెయ్యిలా చదునుగా ఉంది, "ఎంత బాగుందండీ" అని మురిసిపోయారు. కొన్నవాళ్లలో చాలామంది గోదావరి జిల్లాల ఉద్యోగస్తులు. పుట్టిన నేల మీద ప్రేమ కొద్దీ గోదావరి ఎన్‌క్లేవ్ అని పేరు పెట్టుకున్నారు. వీధులకు గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని పాయల పేర్లు పెట్టారు. తాగడానికి చుక్క లేదు గానీ పాయలకేం కొదవ లేదు.

తొంభై ఏడు ఎండాకాలంలో, కాలనీ గోడలు లేస్తున్నప్పుడే, ఎల్లేశానికి కామెర్లొచ్చాయి. కళ్లూ గోళ్లూ పసుపు ముద్దలైపోయాయి. ఆకు పసరు మింగించారు, తగ్గలేదు. దవాఖానలో డాక్టరు "ఇంత ఆలస్యంగానా తెచ్చేది?" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. సక్కుబాయి ఉన్నపళంగా బస్సెక్కి ఊరొచ్చి, కట్ట మీద మైసమ్మ ముందు సాగిలపడింది. మైసమ్మకు గుడీ గోపురం ఏమీ లేవు. వేపచెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి, అంతే. "తల్లీ, నా మొగన్ని నాకియ్యి. మత్తడి దుంకిననాడు నీకు బోనం ఎత్తుకొస్త, మేకపోతును కోస్త" అని మొక్కింది.

అక్కడే తప్పు చేసింది పిచ్చిది. వచ్చే ఆదివారం అనొచ్చు, బోనాల పండగకి అనొచ్చు. కానీ నీరటి ఇంట్లో ఏ మొక్కయినా మత్తడికే ముడిపడి ఉంటుంది. కుంట నిండి, నీళ్లు మత్తడి రాళ్ల మీంచి అవతలి వాగులోకి దూకిన రోజే వాళ్లకు పండగ. అత్త అలాగే మొక్కేది, ఆమె అత్తా అలాగే మొక్కింది. సక్కుబాయి నోటికీ అదే వచ్చింది. మైసమ్మ విన్నదో, మందులు పనిచేశాయో, ఎల్లేశం లేచి తిరిగాడు.

ఆ వానాకాలమే మొదటి వరస ఇళ్ల పెరటి గోడల దాకా నీళ్లొచ్చాయి. కాలనీవాళ్లు లబోదిబోమని అసోసియేషన్ పెట్టుకుని ఎల్లేశాన్ని పిలిపించారు. "ఏడాది పొడుగునా తూము తెరిచే ఉంచు. కుంటలో నీళ్లు నిలవకూడదు. నెలనెలా జీతమిస్తాం" అన్నారు. బరువు మొయ్యలేని ఒళ్లాయె, కూర్చుని తినే పని దొరికింది, ఇదంతా మైసమ్మ దయే అని మొగుడూ పెళ్లాం చేతులెత్తి మొక్కారు. తూము తెరుచుకుంది. నీళ్లు పాత కాలవ వెంట ఎటో పోయాయి. కుంట ఎండింది, కుంట ఎండితే కాలనీ బోర్లు ఎండాయి, బోర్లు ఎండితే టాంకర్లు వచ్చాయి. టాంకరు పైపు పట్టుకుని ఇంటింటి సంపు నింపే పనీ ఎల్లేశానికే అప్పజెప్పారు. ఇది దానివల్ల, అది దీనివల్ల అని ఒక్కరికైనా తట్టిందా అంటే, లేదు. అందరూ చదువుకున్నవాళ్లే మరి.

ఎల్లేశం తెలివి కూడా తక్కువేం కాదు. మత్తడి ఎలాగూ దూకదు, ఇక వాగులోకి నీళ్లెక్కడివి? మత్తడి కింద వాగులో ఎవరిదీ కాని జాగా ఖాళీగా ఉంది కదా అని మట్టి గోడలు లేపి, రేకులు వేసి, ఇల్లు కట్టేశాడు. నీరటి కొడుకు వాగులో ఇల్లు కట్టాడని ఊళ్లో ముసలివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అతను చెవిన పెడితేగా!

సక్కుబాయికి మాత్రం కంటికి కునుకు లేదు. మొక్కు అలాగే ఉండిపోయింది. మత్తడి దూకాలి, దూకనివ్వకుండా జీతం తీసుకునేవాడు ఇంట్లోనే ఉన్నాడు. రెండేళ్లు గడిచాయి. తొంభై తొమ్మిది ఆషాఢంలో ఎల్లేశం నాలుగడుగులు వేస్తే ఆయాసపడడం మొదలుపెట్టాడు. పొద్దున లేచాక అతని కళ్లు కొంచెం పచ్చగా ఉన్నాయనిపించి సక్కుబాయి పై ప్రాణం పైనే పోయింది. మైసమ్మ అడుగుతోంది, ఇంకేముంది!

"జర తూము మూయరాదయ్యా. ఒక్కపారి మత్తడి దుంకనియ్యి, ఎంటనే తీద్దువు" అని బతిమాలింది.

"దిమాగ్ ఖరాబైందానే నీకు? తూము మూస్తే నీళ్లు అటు కాలనీల సొస్తయి, ఇటు దుంకి మనింటి మీద పడ్తయి. నౌకరీ పాయె, ఇల్లు పాయె."

"నువ్వే పోతే?"

"నేనేడ పోత? మంచిగనే ఉన్న గద" అని దగ్గాడు ఎల్లేశం.

ఆ దగ్గు విన్నవాళ్లెవరూ మంచిగున్నాడని అనరు.

సక్కుబాయి వశిష్ఠ వీధిలో పుణ్యవతమ్మ గారింట్లో అంట్లు తోమేది. పుణ్యవతమ్మ మంచి మనిషి, పూజలూ నోములూ ఎక్కువ. ఆమె భర్త కామేశ్వరరావు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు, పైగా అసోసియేషన్ సెక్రటరీ. ఒక ఆదివారం సక్కుబాయి దిగాలుగా గిన్నెలు తోముతుంటే పుణ్యవతమ్మ గుచ్చిగుచ్చి అడిగింది. సక్కుబాయి మొక్కు సంగతి చెప్పింది.

"మొక్కుకుని రెండేళ్లయిందా! ఇంకా తీర్చలేదూ? అమ్మవారితో పరాచికాలా సక్కుబాయీ? మా ఆడపడుచు ఇలాగే రేపుమాపని వాయిదాలు వేసి, మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది."

"కుంట నిండాలె గదమ్మా. నిండనిస్తలేరు."

"ఎవరా నిండనివ్వనిది? దేవుడి పనికి అడ్డం పడి ఆ పాపం ఎవరు మూటగట్టుకుంటారే? ఎన్ని పనులున్నా పక్కన పెట్టి ముందు అది తీర్చెయ్యి. నేనూ దండం పెట్టుకుంటాలే. నిండితే ఆ తల్లికి చీర పెడతాను, నా మాటగా చెప్పు."

నిండనివ్వనిది మీవారేనమ్మా అని సక్కుబాయి ఎలా అంటుంది? మళ్లీ గిన్నె అందుకుంది. అదే సమయానికి ముందుగదిలోంచి కామేశ్వరరావు గొంతు వినిపించింది. పేపర్లో గోదావరి వరద వార్త చదివి, ఎవరో వచ్చినాయనతో అంటున్నాడు.

"నదిదేం తప్పండీ? దాని చోట్లోకి మనం దూరాం. లంకల్లో ఇళ్లు కట్టి, గట్లు బిగించుకుంటూ పోతే నీళ్లు ఎక్కడికి పోతాయి? వాటి చోటు వాటికి వదిలేస్తే అవి మన జోలికి రావు. ఫైళ్ల మీద రాసి రాసి నా చెయ్యి అరిగిపోయింది, వినే నాథుడు లేడు."

నాథుడు లేకపోవచ్చు గానీ, వినే మనిషి పెరట్లోనే ఉంది. సక్కుబాయికి నెత్తిన పాలు పోసినట్టయింది. అమ్మ మొక్కు తీర్చమంటోంది, సారు నీళ్ల చోటు నీళ్లకు వదలమంటున్నాడు. ఇంక ఎవరిని అడగాలి?

ఎల్లేశం మదీనాగూడలో చెల్లెలింటికి వెళ్లిన రోజు చూసుకుని, మధ్యాహ్నం తుంపరలో సక్కుబాయి కట్ట ఎక్కింది. తూము మూయడం బ్రహ్మవిద్యేం కాదు. రాతి కంతకు సరిపోయే కట్టె బిరడా వేపచెట్టు వెనక పడి ఉంది. దాన్ని దొర్లించుకొచ్చి, నీళ్లలో దిగి కంతలో కొట్టి, చుట్టూ బంకమట్టి మెత్తింది. ఒడ్డుకొచ్చి మైసమ్మ రాయిని తడి చేత్తో ముట్టుకుంది.

ఎల్లేశం తూము మొహం చూసి ఏడాది దాటింది. తెరిచే ఉన్నదాన్ని మళ్లీ తెరిచేదేముందని అతని ధీమా. శ్రావణం వానలు విడవకుండా పడ్డాయి. కుంట నిండసాగింది.

అప్పుడు చూడాలి కాలనీ సంబరం! సాయంత్రమైతే డాబాల మీద కుర్చీలు, పకోడీలు. కామేశ్వరరావు ఆఫీసు స్నేహితుల్ని పిలిచి మరీ చూపించాడు, "మాది అసలైన లేక్ వ్యూ అండీ" అని. బోర్లలోకి నీళ్లొచ్చాయి, టాంకర్లు మానేశారు. పుణ్యవతమ్మ "చూశావా సక్కుబాయీ, నేను దండం పెట్టుకోగానే ఎలా నిండుతోందో" అని మురిసిపోయింది. నీళ్లు రోజుకింత పెరటి గోడల వైపు జరుగుతున్నాయి. అందం చూస్తున్నవాళ్లకు ఆ జరగడం కనపడలేదు.

వాన జోరుకు నిలిచిన నీళ్లే అనుకుంటూ వచ్చిన ఎల్లేశం, టాంకర్లు కూడా రాకపోయేసరికి అనుమానమొచ్చి కట్ట మీదికి పరుగెత్తాడు. వేపచెట్టు వెనక బిరడా లేకపోవడం చూసి తల పట్టుకున్నాడు. వెనకే సక్కుబాయి వచ్చి నిలబడింది. దాచలేదు.

"ఎంత పని జేసినవే! ఆళ్ల ఇండ్లల్ల నీళ్లు సొస్తయే!"

"ఆళ్ల ఇండ్లే నీళ్లల్లకు వొచ్చినయి. మనదీ అంతే. పోతే పోనియ్యి."

"పోనియ్యాల్నా? ఏడుంటమే మనం?"

"నువ్వుంటే ఏడనో ఒకాడ ఉంట. నువ్వు లేకుంటే ఆ రేకులు నేనేం జేసుకోను?" అని సక్కుబాయి భోరుమంది.

ఎల్లేశం బిరడా తియ్యడానికే నీళ్లలోకి దిగాడు. దిగి, తలెత్తి చూశాడు. ఒడ్డు నుంచి ఒడ్డుకు నీళ్లు. వాళ్ల నాయన పోయాక ఇంత నీళ్లు చూడలేదు. మత్తడికి ఇంక మూరెడే తక్కువ. నీరటి పుట్టుక పుట్టినవాడాయె, ఆశ పుట్టింది. నిజానికి ఆశ పుట్టిందని సిగ్గు కూడా పడ్డాడు. "రేపు పొద్దుగాల తీస్త" అని ఒడ్డెక్కి, పెళ్లాం మొహం చూడకుండా వెళ్లి వాగులోని ఇంట్లో సామాన్లు సర్దడం మొదలుపెట్టాడు. మబ్బు నల్లగా దిగుతోంది. చీకటి పడకముందే గిన్నెలూ గోనెలూ పెట్టే అన్నీ కట్ట మీదికి చేరాయి.

తెల్లారేసరికి మత్తడి దూకింది. ఆ హోరు విని ఊరంతా కట్ట మీదికొచ్చింది. డప్పులొచ్చాయి. ముసలివాళ్లు నీళ్లు దోసిట పట్టి నెత్తిన చల్లుకున్నారు. సక్కుబాయి పసుపు పూసిన కుండలో అన్నం వండి, దీపం పెట్టి, బోనం తలకెత్తుకుంది. ఆమె మొహంలో అంత వెలుగు పెళ్లినాడు కూడా చూడలేదని ఎల్లేశం తర్వాత ఎవరితోనో అన్నాడట.

సరిగ్గా ఆ సమయానికే గోదావరి ఎన్‌క్లేవ్‌లో పాయలన్నీ పారాయి. గౌతమిలో పిక్కల లోతు, వశిష్ఠలో మోకాళ్ల లోతు. ఫ్రిజ్జులు తేలాయి, పరుపులు నానాయి, డాబాల మీద కుర్చీల్లోనే జనం మళ్లీ కూర్చున్నారు గానీ పకోడీలు లేవు. కామేశ్వరరావు పంట్లాం మడిచి, నీళ్లలో పడుతూ లేస్తూ కట్ట మీదికొచ్చాడు.

"ఎల్లేశం! తూము తెరవవయ్యా బాబూ! ఇళ్లు మునిగిపోతున్నాయి!"

బోనం ఎత్తుకున్న సక్కుబాయే పలికింది. "జర ఆగుండ్రి సారూ, అయిపోవొచ్చింది."

"ఏమిటి అయిపోవొచ్చేది? అసలు తూము ఎవరు మూశారు?"

"నేనే సారూ. మొక్కు ఎంటనే తీర్చుమని అమ్మ జెప్పింది. నీళ్ల జాగ నీళ్లకు ఇడ్సిపెట్టాలె అని మీరే అంటిరి గద."

"నేనన్నది గోదావరి గురించే!" అని కామేశ్వరరావు గావుకేక పెట్టాడు. ఆయన పంట్లాం నుంచి వశిష్ఠ వీధి నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.

మేకపోతు తెగింది. మొక్కు తీరింది. ఎల్లేశం ఒక్క ఉరుకున వెళ్లి బిరడా పీకేశాడు. కానీ నిండిన కుంట ఒక్క తూముతో ఎంతకని తగ్గుతుంది? మధ్యాహ్నానికి మత్తడి కింద వాగులో మట్టి గోడలు ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి. రేకులు కొట్టుకుపోయాయి. సక్కుబాయి కట్ట మీంచి అంతా చూసింది. అనుకున్నదే అయినా ఏడుపు ఆగలేదు. ఏడ్చి ఏడ్చి, మొగుడి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, కళ్లు చూసింది. తెల్లగానే ఉన్నాయి. అదంతా ఆమె భ్రమ కావచ్చు. కాకపోనూవచ్చు, మనకెందుకు.

నీళ్లు తీశాక పుణ్యవతమ్మ బురద తొక్కుకుంటూ చీర తెచ్చి మైసమ్మకు పెట్టింది. దండం పెట్టుకున్నది తనే కదా, మాట తప్పితే ఇంకేం ముంచుకొస్తుందోనని ఆమె భయం. ఆ రోజే మొగుడి దగ్గర ఒట్టు వేయించుకుంది, తూము ఎవరు మూశారో బయట పెట్టొద్దని. సక్కుబాయి మీద జాలి కొంత. అసోసియేషన్లో తన పేరు వస్తుందేమోనన్న బెంగ మిగతాది.

తర్వాతి ఆదివారం వాళ్ల డాబా మీదే మీటింగు. సక్కుబాయే టీ గ్లాసులు అందించింది. మునకకు కారణం తేల్చమని అందరూ సెక్రటరీ మీద పడ్డారు. కామేశ్వరరావు లేచి, "నిజం చెప్పాలంటే, మొదటి వరస ఇళ్లు..." అని మొదలుపెట్టాడు. మొదటి వరసలో మొదటి ఇల్లు ఆయనదే. ప్రెసిడెంటు చలపతిరావు ఇల్లు దాని పక్కదే. "మొదటి వరస ఇళ్లకేమిటండీ?" అని చలపతిరావు కళ్లజోడు సవరించుకున్నాడు. కామేశ్వరరావు టీ ఒక గుక్క తాగాడు. మింగింది టీ ఒక్కటే కాదు. "ఏం లేదండీ. ఇళ్లలో నీళ్లొచ్చాయంటే కింద వాగు పారడం లేదన్నమాట. వాగులో ఎవరో ఇల్లు కట్టారు. అది ఆక్రమణ. నీళ్లు పోయే దారికి అడ్డం" అన్నాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆయన చేతనే అర్జీ రాయించారు. చెయ్యి తిరిగిన మనిషి, బ్రహ్మాండంగా రాశాడు. సక్కుబాయి ఖాళీ గ్లాసులు తీసుకుని కిందికి దిగిపోయింది.

పదేళ్లుగా ఆయన రాతలు వినని సర్కారు ఈసారి విన్నది. మనుషుల్నీ ఒక యంత్రాన్నీ పంపింది. తీరా వస్తే వాగులో తీయడానికేముంది? గోడలు నీళ్లే తీసుకెళ్లాయి. మిగిలిన పునాది రాళ్లు పెకలించి, అటూ ఇటూ హద్దు రాళ్లు పాతి, ఇక్కడ ఎవరూ ఇల్లు కట్టరాదని బోర్డు పెట్టారు.

"మరి ఆ ఇండ్లో?" అని ఎల్లేశం కాలనీ వైపు చెయ్యి చూపించాడు.

"అవి పర్మిషన్ ఉన్న ఇళ్లు" అన్నాడు వచ్చిన ఆఫీసరు.

అసోసియేషన్ తరఫున కామేశ్వరరావు గొడుగేసుకుని నిలబడ్డాడు. కట్ట మీద ప్లాస్టిక్ పరదా కట్టుకుని దాని కింద ఉంటున్న సక్కుబాయి దిగి వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన ఆమె మొహం చూడలేక బోర్డు చదువుతున్నట్టు నటించాడు.

"గవర్నమెంటు పని సక్కుబాయీ, నా చేతుల్లో ఏముంది? నీ మీద మాకేం కోపం లేదు. అమ్మగారు కూడా నిన్ను పనిలోకి రమ్మన్నారు. ఇంక భయమేం లేదులే."

"మైసమ్మతోని నాకింక భయం లేదు సారూ" అంది సక్కుబాయి. "ఆమెకేం కావాల్నో ఎరుకే. నా మొగన్ని నాకిచ్చింది, మేకపోతును తీసుకుంది, ఊకున్నది. మీకే ఏమిస్తే ఊకుంటరో తెలుస్తలేదు. ఇల్లు ఇచ్చినం. ఇంకేమన్న కావాల్నా?"